రెండో మనిషి

ముందే ఒప్పేసుకుంటాను: లిఫ్టులో పక్కవాళ్లు ఎక్కడ పలకరిస్తారోనని మోగని ఫోన్‌ని చెవికి ఆనించుకునే రకాన్ని నేను. పై అంతస్తు అమ్మాయి నాకు పూర్తిగా ఆపోజిట్.

ఆ పొద్దున ఆమె ఉప్పు ప్యాకెట్‌తో తిరిగొచ్చేసరికి, మెకానిక్ లిఫ్టులో మీటల పలక విప్పి, ల్యాప్‌టాప్ తగిలించి కూర్చున్నాడు. బిల్డింగ్ సెక్రటరీ అతని నెత్తిన నిలబడి విసుక్కుంటున్నాడు. నెల్లాళ్లుగా ఈ లిఫ్టు, ఒక్కరే ఎక్కితే, రెండో మనిషి కోసం తలుపులు బార్లా తెరుచుకుని చూస్తోందట. ఎంతకీ ఎవరూ రాకపోతే అప్పుడు ఉసూరుమంటూ కదులుతుందట.

లోపల చిన్న తెర మీద ఇంకా అక్షరాలు వెలుగుతూనే ఉన్నాయి: "ఒక్కరి కోసం కదిలితే కరెంటు వృథా. కలిసి వెళ్దాం. మన దేశం వదిలే పొగ తగ్గిద్దాం."

"దేశం పొగంతా నా నెత్తినేనా? ఫ్యాక్టరీలకి లేని రూలు నా పాల ప్యాకెట్‌కా?" అన్నాడు సెక్రటరీ.

అమ్మాయి మెట్లవైపు వెళ్లకుండా అక్కడే ఆగింది. ఆమె ఉద్యోగం ఇంట్లోంచే. పగలంతా కంప్యూటర్ గళ్లలోని మొహాలతో మాటలు, సాయంత్రం గోడలతో. ఇక్కడికొచ్చి మూడేళ్లయినా, లిఫ్టు ఇలా మారేదాకా ఆమె పేరు అడిగినవాళ్లు లేరు. ఇప్పుడేమో ఏడో అంతస్తు పెద్దావిడకి ఏ మోకాలు ఎక్కువ నొప్పో కూడా తెలుసు. అందుకే ఉప్పుకోసారి, సబ్బుకోసారి, అగ్గిపెట్టెకోసారి విడివిడిగా కిందికి దిగుతోంది. ఇవాళ్టితో ఆ కాస్త పలకరింపూ పోతుంది.

"కరెంటు బిల్లు తగ్గింది కదండీ," అని నసిగింది.

"తగ్గదా మరి? ఒళ్లు మండి సగంమంది మెట్లెక్కుతున్నారు."

మెకానిక్ నవ్వాపుకున్నాడు. ఖాళీగా ఉన్నప్పుడు లైటు ఆరిపోవడం, ఒకేసారి పిలిచినవాళ్లని ఒకే ట్రిప్పులో తీసుకెళ్లడం, అవీ అసలు పొదుపంటే అన్నాడు. తలుపులు తెరిచి, లైటూ ఫ్యానూ వేసుకుని ఎదురుచూస్తే మిగిలేదేమీ లేదట. పైగా తమ కంపెనీ లిఫ్టులు ఇంకెక్కడా ఇలా చెయ్యవట.

"ఈ ఒక్క బిల్డింగుకే ఎవరో పెట్టారండీ."

ఇంతలో పెద్దావిడ చేతికర్రతో వచ్చింది. సంగతంతా విని, అమ్మాయి భుజం మీద చెయ్యేసింది.

"ఉండనీ బాబూ. అది ఆగబట్టే కదా ఈ పిల్ల నాకు దొరికింది."

అమ్మాయి తలెత్తలేదు. సెక్రటరీ ససేమిరా అన్నాడు. మెకానిక్ ఆ మార్పు తీసెయ్యబోతే ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ అడిగింది. ఆఫీసుకి ఫోన్ చేసి, అది పెట్టినవాళ్ల నంబరు కనుక్కున్నాడు.

"ప్రోగ్రాం రాసేవాళ్లట. నేనెప్పుడూ చూళ్లేదు," అంటూ నంబరు నొక్కాడు.

అందరూ అతని వైపే చూస్తున్నారు.

అమ్మాయి జేబులో ఫోన్ మోగింది.