గట్టిగా వెయ్యి, తల్లీ

పెద్దాయన ఎవరిస్తో గేటు బయట నిలబడే కేక వేశాడు.

"నయేలిస్! బూట్లు కట్టుకో. ఇవాళ కాళ్ల కసరత్తు."

కొన్నాళ్లుగా ఇదే తంతు. పిల్ల తల్లి కార్మిన్ వంటింటి కిటికీలోంచి చూసి, తల దించుకుని పక్కకు తప్పుకునేది. పిల్ల గది తలుపు మాత్రం తెరుచుకునేది కాదు.

ఆ రోజు తెరుచుకుంది.

పదిహేనేళ్ల పిల్ల. ప్యూర్టో రికో దక్షిణ తీరం మొత్తంలో అంత వేగంగా బంతి విసిరే సాఫ్ట్‌బాల్ పిచర్ లేదని పేరు. ఇప్పుడు చూస్తే ఒంటి మీద చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది.

"మీరెందుకొస్తున్నారు, దోన్ ఎవరిస్తో?" పెద్దవాళ్లని 'దోన్' అని పిలిచే మర్యాద మానకుండానే అడిగింది.

"కాళ్లు చూసుకున్నావా? కొంగ కాళ్లు నయం. పొద్దున ఏం తిన్నావ్?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"గుడ్లూ, అరటికాయ వేపుడూ తిని రా. నేనెక్కడికీ పోను."

ఈస్టర్‌కి ముందు ఊరి మైదానంలో జరిగింది అది. చినుకులకి తడిసిన బంతి నయేలిస్ చేతిలోంచి జారింది. ఎదురుగా బ్యాటు పట్టుకున్న పిల్ల గుండెకి తగిలింది. ఆ పిల్ల బ్యాటు కింద పెట్టింది. పక్కకి నడవబోయి పడిపోయింది. మళ్లీ లేవలేదు.

నయేలిస్‌ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెని లోపల్లోపల తినేసింది. బడి మానేసింది. తిండి మానేసింది. బంతి సంగతి ఎవరైనా ఎత్తితే చెవులు మూసుకునేది.

ఎవరిస్తో వయసులో ఉన్నప్పుడు ఊరి జట్టులో పిచర్ విసిరిన బంతి పట్టే క్యాచర్. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల బంతి పట్టిన ఆడపిల్లలందరికీ ఒళ్లు గట్టిపడే కసరత్తులు నేర్పింది అతనే.

మొదట్లో నయేలిస్‌ని బంతి జోలికే పోనివ్వలేదు. గుంజీళ్లు తీయించాడు. ఇసుక సంచి ఎత్తించాడు. మైదానం కంచెకి రబ్బరు పట్టీ కట్టి, భుజం వెనక్కి లాగి లాగి వదలమన్నాడు. ఒంటికాలి మీద గెంతించాడు. పడిపోతే లేవనెత్తలేదు.

"బంతి చేతిలోంచి వస్తుందనుకుంటున్నావా? నేల్లోంచి వస్తుంది. కాళ్లలోంచి నడుముకి, నడుములోంచి భుజానికి. చెయ్యి ఆఖర్న. ఊఁ, మళ్లీ."

"నా వల్ల కాదు."

"నీ వల్ల కాదని నీ కాళ్లకి తెలీదులే. కానివ్వు."

మైదానం పక్క మామిడిచెట్టు కింద డామినో బిళ్లలు ఆడే ముసలాళ్లకి ఇది వింతగా ఉండేది. ఒకరోజు వాళ్లలో తీతో అనే ఆయన ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏమయ్యా ఎవరిస్తో, కప్పు గెలవాలన్న ఆశ ఇంకా చావలేదా? ఇంత ఊళ్లో ఇంకో పిల్లే దొరకలేదా నీకు?"

"దొరకలేదు," అన్నాడు ఎవరిస్తో. తీతో తల దించి చేతిలోని బిళ్లలు సర్దుకున్నాడు.

వానలు వెనకబట్టేసరికి నయేలిస్ పిక్కల్లో కండ తిరిగింది. మొహానికి రంగు వచ్చింది. అప్పుడు ఎవరిస్తో గ్లవ్ తొడుక్కుని, కీళ్లు కలుక్కుమంటుంటే ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"వెయ్యి."

ఆమె కదల్లేదు. "ఛాతీకి కవచం కట్టుకోండి. లేకపోతే వెయ్యను."

కట్టుకున్నాడు. ఆమె దగ్గరికొచ్చి పట్టీలన్నీ లాగి చూసింది. ఒకటి వదులుగా ఉందని విప్పి మళ్లీ కట్టింది. ఎవరిస్తో చెరుకుతోటల వైపు తల తిప్పుకున్నాడు.

బంతి వచ్చింది. పసిపాపకి అందించినట్టు, మెత్తగా.

"ఇది బంతా, బన్ను రొట్టా? గట్టిగా వెయ్యి."

రోజూ ఇదే. కాళ్లలో బలం ఉంది. భుజంలో బలం ఉంది. చెయ్యి గిర్రున తిరిగి కిందికొచ్చేసరికి ఆ బలమంతా ఎటో పోయేది. ఓ సాయంత్రం ఆమె బంతి నేలకేసి కొట్టింది.

"ఎదురుగా మనిషి ఉంటే నా చెయ్యి రాదు! మీకు తెలీదా? ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోవట్లేదు!"

"తెలుసు."

"మరెందుకు నన్ను చంపుతారు?"

ఎవరిస్తో బంతి తీసి, మట్టి తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు.

"ఆ చప్పుడొక్కటే నీకు మిగలకూడదు, తల్లీ. గ్లవ్‌లో పడ్డ చప్పుడు కూడా విను. నా కళ్లలోకి చూసి వెయ్యి."

వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. ఆమె బంతి చుట్టూ వేళ్లు బిగించింది. తర్వాత కాలు ముందుకి పడింది. నడుము తిరిగింది. చెయ్యి తిరిగిన వేగానికి కనపడలేదు.

మైదానం దద్దరిల్లింది. చెట్టు కింద బిళ్లల చప్పుడు ఆగిపోయింది.

ఎవరిస్తో లేవలేదు. తల వంచుకుని అలాగే ఉండిపోయాడు. నయేలిస్ గుండెలవిసేలా అరుస్తూ పరుగెత్తుకొచ్చింది.

"దోన్ ఎవరిస్తో! తగిలిందా? ఎక్కడ తగిలింది?"

అతను గ్లవ్ తెరిచి చూపించాడు. బంతి అందులోనే ఉంది.

ఆమె అతని ముందు మట్టిలో కూలబడి ఏడ్చింది. ఇన్నాళ్లూ రాని ఏడుపు. అతను ఆపమనలేదు.

"అయ్యాక ఇంకోటి వెయ్యి," అన్నాడు.

ఎవరిస్తో ఇల్లు చేరేసరికి భార్య మిగ్దాలియా వసారాలో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. తలెత్తకుండానే అడిగింది.

"వేసిందా?"

"వేసింది."

"గట్టిగానా?"

జవాబుగా అతను ఎర్రగా వాచిన అరచెయ్యి చాపాడు.

మిగ్దాలియా ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, నయేలిస్ బంతికి గుండె ఆగిపోయిన తమ ఒక్కగానొక్క కూతుర్ని తలుచుకుంటూ, మెల్లగా ముద్దుపెట్టుకుంది.