ఎడమచేతి దోస్తీ

తన వంతు రాకముందే వాన పడితే బాగుండునని సారలమ్మ ఆకాశం వైపు చూసింది. ఒక్క మబ్బు తునక కూడా లేదు.

యూనివర్సిటీ ఫిలిం క్లబ్బు వాళ్ళ పద్ధతే అంత. మైదానంలో రెండు గుంజలకు పల్చటి తెల్లబట్ట కట్టి సినిమా వేస్తారు. అయ్యాక అందరూ పచ్చికలో గుండ్రంగా కూర్చుని తలా ఒక మాట చెప్పాలి. "చెప్పేందుకేం లేదు" అన్నవాళ్ళను మళ్ళీ పిలవరు. సారలమ్మకేమో మళ్ళీ మళ్ళీ రావాలని ఉంది. పల్లెటూరి బడి నుంచి వచ్చి పీయూసీలో చేరాక, నలుగురిలో ఆమె నోటి నుంచి వచ్చిన మాట "ప్రెజెంట్ సార్" ఒక్కటే. అదీ పక్క బెంచీ దాటి పోయేది కాదు. ఒకసారి సారు ఆబ్సెంటు కూడా వేశాడు.

"గీడికొచ్చి బొమ్మ లెక్క కూసుంటే ఇగ నిన్ను యాడికీ తోల్కరాను, చెప్తున్న," అని పెద్దనాన్న బిడ్డ అమృతక్క ముందే బెదిరించింది. అమృతక్క ఎమ్మే చదువుతూ, ఆ క్లబ్బు పనులన్నీ నెత్తిన వేసుకుని తిరుగుతుంది.

సినిమా చిన్నది. పేరున్న నటులెవరూ లేరు. ఒక ఊరి పోస్టుమాస్టరుకూ, పాములాడించేవాడికీ స్నేహం కుదురుతుంది. ఊరంతా వద్దన్నా, చివరికి ఇద్దరూ ఒకే కంచంలో తింటారు. అంతే. తీసినవాడు సామేలు అనే బక్కపల్చటి మనిషి. మోకాళ్ళు కావలించుకుని, పరీక్ష ఫలితాలు వినేవాడిలా ఒక పక్కన కూర్చున్నాడు.

"పాటల్లేవు, ఫైటింగు లేదు," అని మొదలుపెట్టాడు ఇన్నయ్య అనే విద్యార్థి. "మంచిగ నిద్ర పట్టిందన్నా. గా పాము బుసకొట్టి ఖరాబు చేసింది."

అందరూ నవ్వారు. సామేలు తల కొంచెం దిగింది.

యూనియన్ నాయకుడు ఎంకన్న లేచాడు. "సర్కారు నౌకరుకు, తిండికి లేనోనికి దోస్తీ ఏంది? వర్గపోరాటాన్ని పెరుగన్నం లెక్క పిసికి పెట్టిన్రు. గిది జనాన్ని మోసం చేసుడు."

సామేలు తల ఇంకొంచెం దిగింది.

"ఇందులో పాము పాము కాదు. కాలం," అన్నారు ఇంగ్లీషు లెక్చరర్ సూర్యనారాయణగారు కళ్ళు మూసుకుని.

"పోయినసారి సినిమాల బర్రెను సుత కాలమనే అన్నడు," అని అమృతక్క సారలమ్మ చెవిలో ఊదింది.

సారలమ్మకు నవ్వు వచ్చేలోపే సారు కళ్ళు తెరిచారు. "ఊఁ, నువ్వు చెప్పమ్మా."

సారలమ్మ లేచింది. లేచాక గాని తాను లేచినట్టు ఆమెకు తెలియలేదు. "చిత్రం హృదయానికి హత్తుకున్నది" అని అరగంట నుంచి లోలోపల వల్లెవేసిన వాక్యం తుర్రుమంది. కళ్ళతో చూసింది మాత్రమే మిగిలింది.

"ఇద్దరిదీ ఎడమచెయ్యి వాటమే సార్."

"ఏందీ?" అన్నాడు ఎంకన్న.

"పోస్టుమాస్టరు ఎడమచేత్తోని ముద్దర కొట్టిండు. పాములాయన ఎడమచేత్తోనే పామును పట్టిండు. ఆఖరికి కంచంల గూడ ఇద్దరు ఎడమచేత్తోనే తిన్నరు. ఎడమచేత్తోని తినేటోని పక్కకు ఎవరు కూసుంటరు సార్? గందుకే వాళ్ళకు దోస్తీ కలిసింది."

కొందరు తమ చేతులకేసి చూసుకున్నారు. కంచంలోకి ఏ చెయ్యి పోయిందో ఒక్కరికీ గుర్తు లేదు. గుర్తు లేదని ఒప్పుకునేవాళ్ళు అసలే లేరు.

"అద్భుతం!" అన్నారు సూర్యనారాయణగారు. "నేను గమనించాను. పిల్లలెవరైనా చెబుతారేమో చూద్దామని ఊరుకున్నాను."

"ఎడమ!" అంటూ ఎంకన్న తొడ చరుచుకున్నాడు. "లెఫ్టు! మాఫ్ చెయ్యి సామేలన్నా, నువ్వు మనోనివే!"

"గా సీనుకే నాకు మెలకువొచ్చింది. ఎడమ చెయ్యే. నేను చూసిన," అన్నాడు ఇన్నయ్య.

అందరూ సామేలు వైపు తిరిగారు. సామేలు నోరు తెరిచాడు. మూశాడు. తర్వాత మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఎన్ని ఊర్లల్లనో చూపెట్టిన," అన్నాడు. "గీ సంగతి కనిపెట్టింది గీ చెల్లె ఒక్కతే."

చప్పట్లు మోగాయి. వచ్చే నెల చర్చ మొదలుపెట్టాల్సింది సారలమ్మేనని సూర్యనారాయణగారు అక్కడికక్కడే ప్రకటించారు.

తార్నాకలో ఇంటికి నడిచి వస్తుంటే సారలమ్మ కాళ్ళు నేలకు ఆనడం లేదు. తన లాంటి చూపు ఎక్కడో ఒకరికి గాని ఉండదేమో అనిపించింది. రేపటి నుంచి క్లాసులో చెయ్యెత్తాలి. ఈ రాత్రి డైరీకి మామూలు అరపేజీ ఏ మూలకూ చాలదు.

"ఏందే, గంత మంచిగ మాట్లాడినవ్! నాకే కండ్లల్ల నీళ్ళొచ్చినయ్," అంది అమృతక్క.

"నాదేముందక్కా, కనబడ్డది చెప్పిన," అంది సారలమ్మ, గొప్పవాళ్ళు మాట్లాడినంత వినయంగా.

"అవుగని, నేను సినిమా మిషిను కాడ ఉండి నీ కోసం వరుసలన్ని దేవులాడిన. ఏడ కూసున్నవే?"

"తెర అవతల."

అమృతక్క నడుస్తున్నదల్లా రోడ్డు మధ్య ఆగిపోయింది. "అవతలనా?"

"గాడ ఒక్క మొగోడు లేకుండె అక్కా, జాగ మస్తుగుండె. మా ఊరి జాతరల నేను చూసిన మొదటి సినిమాకు గూడ ఆడోళ్ళమంత తెర అవతలనే కూసున్నం. గా సినిమాల దేవుడు సుత ఎడమచేత్తోనే దీవి..."