పదో చావు

“పుస్తకం మీద ఎవరైనా గిన్నె పెడతారా?”

నసిమియు కేక పక్కింటి దాకా వినిపించింది. బరాసా పొయ్యి మీంచి ఉగాలి సంకటి గిన్నె దించి, తెచ్చి తెచ్చి కొత్త సంపుటం మీదే పెట్టాడు. అట్ట మీది సార్జెంటు ముఖం చుట్టూ మసి గుండ్రంగా అంటుకుంది.

“చోటెక్కడుంది? బల్లంతా పుస్తకాలే పరిచావు.”

“పదింటిలో నీకు ఇదే దొరికిందా?”

“పదీ ఒకటే కదా.”

“అయితే నీ బోడిగుండు మీద పెట్టుకో. అదీ చదునుగానే ఉంది.”

కూతురు నంజాల పకపకా నవ్వింది. బరాసా నవ్వలేదు. గిన్నె తీసి కింద పెట్టాడు.

నైరోబీలో బూట్లు లేని సార్జెంటును ఎరగనివాళ్ళు తక్కువ. చచ్చి లేచిన పోలీసు. మనుషుల దగ్గరే కాదు, దయ్యాల దగ్గరా లంచం పడతాడు. నమ్మినవాళ్ళను అమ్మేస్తాడు. అయినా అతని కథలు ఏడాదికో సంపుటంగా వస్తాయి, బస్టాండుల్లో జనం ఎగబడి కొంటారు. ఇది ఇరవయ్యోది. ప్రతి సంపుటంలోనూ సార్జెంటు ఒక పాపిని జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి, దిగడమంటూ ఉండని బస్సు ఎక్కిస్తాడు. ఆ పాపికి పేరు పెట్టేది పాఠకులే. అందరికంటే ముందు పది ప్రతులకు డబ్బు కట్టినవాళ్ళకు ఆ హక్కు. అట్ట వెనకున్న నంబరుకు పేరు పంపితే చాలు.

తొమ్మిదేళ్ళుగా ఆ ముందువాడు బరాసాయే. తొమ్మిదేళ్ళుగా ఒకటే పేరు. కియోకో.

చదివేవాళ్ళకు అదొక నవ్వులాట అయిపోయింది. రచయితకూ సరదా పుట్టింది. ‘మళ్ళీ నువ్వేనా?’ అని సార్జెంటు చేత విసుక్కునేలా రాయడం మొదలుపెట్టాడు.

నసిమియుకు మాత్రం నవ్వు రాదు. పన్నెండేళ్ళ కిందట నకురు రోడ్డు మీద కియోకో నడిపే లారీ, బరాసా నడిపే వ్యాను ఎదురెదురుగా గుద్దుకున్నాయి. బరాసాకు కాలు విరిగింది. పక్క సీట్లో ఉన్న పెద్దపిల్ల నెకేసా ఆసుపత్రి దాకా కూడా రాలేదు. ఎనిమిదేళ్ళు దానికి. బరాసా ఊతకర్రల మీద కోర్టుకు వెళ్ళి, లారీయే తన పక్కకు వచ్చిందని సాక్ష్యం చెప్పాడు. కియోకోకు ఏడేళ్ళు వేశారు. ఆ ఏడేళ్ళు నసిమియుకు చాలలేదు.

క్షమించమని పాస్టరు చెప్పాడు. మిగతా కథల్లో నాయకులు కూడా చివరికి క్షమించేస్తారు. సార్జెంటు క్షమించడు. అందుకే ఆవిడ అతన్ని పట్టుకుంది. పేరు పంపుదామని మొదట అన్నది ఆవిడే. బరాసా కాదనలేదు.

కొత్త సంపుటం వచ్చిన రోజున ఆ ఇంట్లో కోడిని కోస్తారు. అందరూ పళ్ళేల ముందు కూర్చున్నాక నంజాల ఆ ఒక్క పేజీ పైకి చదువుతుంది.

“ఈసారైనా మొదటినుంచి చదవనీ అమ్మా. పోయినసారి సార్జెంటు సొంత తమ్ముణ్ణే అమ్మేశాడు. వాడేమయ్యాడో తెలీక ఏడాదిగా చస్తున్నా.”

“తమ్ముడెక్కడికీ పోడు. ముందు బస్సు పేజీ తియ్యి.”

బరాసా చేతులు కడుక్కుని వచ్చాడు. కూర వైపు చూడలేదు.

“మార్చిలో గికోంబా మార్కెట్లో కియోకోని చూశాను,” అన్నాడు. “మూటలు మోస్తున్నాడు. తోటి కూలీలు ‘ఈ ఏడు ఎప్పుడు చస్తున్నావురా’ అంటుంటే నవ్వుతున్నాడు.”

“నవ్వనీ. ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?”

“వాడి పిల్లలు బడి మానేశారట. వాళ్ళు కనపడితే చాలు, మిగతా పిల్లలు నోటితో బస్సు హారన్ కొడుతున్నారట.”

“బడి మానడానికైనా బతికున్నారుగా!” నసిమియు కోడి తొడ తీసి భర్త పళ్ళెంలో వేసింది. “తిను, నెకేసా నాన్నా. చల్లారిపోతుంది.”

ఇప్పటికీ ఇద్దరూ ఒకరినొకరు ఆ పిల్ల పేరుతోనే పిలుచుకుంటారు.

నంజాల పేజీ తీసింది. గొంతు సవరించుకుంది.

“‘సార్జెంటు వాడి జుట్టు పట్టుకున్నాడు. బస్సు తలుపు తెరుచుకుంది. పేరు చెప్పు, అన్నాడు కండక్టరు. వాడు వణుకుతూ చెప్పాడు...’”

ఆగిపోయింది.

“చదవవే!”

“‘సైమన్ బరాసా.’ అమ్మా, ఇదేంటి? నాన్న పేరుంది.”

నసిమియు పుస్తకం లాక్కుంది. చదివింది. ఇంకో ప్రతి తీసింది. అందులోనూ అదే.

“ఈ రాసేవాడి చేతులు విరగ! పుస్తకాలు కొన్నవాడి పేరు ఏదో, చావాల్సినవాడి పేరు ఏదో కూడా చూసుకోడా? రెండూ తారుమారు చేసి అచ్చేశాడు!” గబగబా అట్ట తిప్పి నంబరు వెతికింది. “ఈ ఒక్క పేజీ కోసం ఏడాదంతా కాచుకుని ఉన్నాను. ఇంకో ఏడాది ఆగమంటాడా? ఫోనిలా ఇవ్వవే. ఇవాళ వాణ్ణి వదిలిపెట్టను.”

నంజాల ఫోను అందించబోయింది. బరాసా మధ్యలోనే దాన్ని ఎడంచేత్తో తీసుకున్నాడు.

“వద్దు. అతను తప్పు రాయలేదు. ఆ పేరు నేనే పంపాను.”

“నువ్వా? మతి పోయిందా నీకు? ఎందుకు?”

బరాసా చేతిలో ముద్ద అలాగే ఉంది. దాన్ని తిరిగి పళ్ళెంలో పెట్టాడు.

“రేపు పొద్దున్నే పోలీసు స్టేషనుకు వెళుతున్నా, నెకేసా అమ్మా,” అన్నాడు. “ఆ రోజు కునుకు పట్టి రోడ్డుకు అవతలి పక్కకు పోయింది కియోకో కాదు, నేను.”