కారవాన్ కిటికీ

ఆస్ట్రేలియాలోని నల్లర్‌బార్ ఎడారి దారిలో చీకటి పడింది. కీత్ కారు వెనక చక్రాల ఇల్లులాంటి కారవాన్ తగిలించుకుని ఒంటరిగా వెళ్తున్నాడు.

"కారవాన్ బాసూ, దాటుతున్నా, కాస్త నెమ్మదించు," అన్నాడు బండ్లవాళ్ళు మాట్లాడుకునే రేడియోలో వెనక లారీ డ్రైవర్.

కీత్ వేగం తగ్గించాడు. లారీ పూర్తిగా దాటాక, ఆ దారి మర్యాద ప్రకారం లైట్లు ఆర్పి వెలిగించాడు.

"థాంక్స్ బాసూ. ఎంత గొడవైతే మాత్రం పెళ్ళాన్ని కారవాన్‌లో పడేస్తావా? కిటికీ అద్దం బాదుతూ ఏడుస్తోంది పాపం. ముందు సీట్లోకి పిలుచుకో."

భార్య నోరీన్ చితాభస్మాన్ని కీత్ ఆ సాయంత్రమే సముద్రంలో కలిపాడు. ఖాళీ డబ్బా పక్కసీట్లోనే ఉంది, బెల్టు పెట్టి.

కారు అద్దం దించి చెవి రిక్కించాడు. గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు.

డీజిల్ ముల్లు ఎర్రగీతకి దిగినా కీత్ బండి ఆపలేదు. ఆపి తలుపు తీస్తే, లోపల ఎవరూ ఉండరేమోనని అతని భయం.