తడి దూది

పుష్పావతి కళ్ళ మీద దూది ఆరిపోతోంది. మారెప్ప దాన్ని మళ్ళీ గిన్నెలో ముంచి, పిండి, భార్య రెప్పల మీద పరిచాడు. గోడ గడియారంలో తొమ్మిదిన్నర.

పదకొండూ నలభై లోపల డాక్టర్లు రావాలి. అది దాటితే ఆ కళ్ళు ఇక పనికిరావని ఫోనులో గట్టిగా చెప్పారు. తల కింద ఇంకో దిండు పెట్టమన్నారు. ఫ్యాను ఆపమన్నారు. అన్నీ చేశాడు.

“ఇంత ఉక్కలో ఫ్యాను ఆపేసినావు, ఏమప్పా నీ కత?” అంది లక్ష్మీదేవమ్మ. పుష్పావతికి పెద్దమ్మ. పెనుకొండ నుంచి పొద్దున్నే వచ్చింది.

“గాలికి కండ్లు ఎండిపోతాయంట అత్తా.”

“కండ్లకు కత్తి పెడ్తారంట గదా? దీని నాయన త్రిఫల కషాయంతో ఎన్ని ఊర్లోళ్ళ కండ్లు కడిగినాడు! ఒగనాడన్నా కత్తి పట్టినాడా? నేను ఒప్పుకోను పో.”

“మాట ఇచ్చింది అది అత్తా. తప్పేదానికి నేనెవర్ని?”

తండ్రి నేర్పిన కషాయం పుష్పావతీ కాచేది. ఎర్రబడిన కళ్ళు, పుసులు కట్టిన కళ్ళు ఆమె చేతి కింద తేటపడేవి. నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు పడితే మాత్రం ఆమె దగ్గర మందు లేదు. పక్కింటి చౌడేశ్వరికి ఆ మాట చెప్పి పంపిన రోజు పుష్పావతి అన్నం ముట్టలేదు. ఆ తర్వాతి నెలలో హిందూపురం వాళ్ళు ఊళ్ళో కంటి క్యాంపు పెడితే, పోయి పేరు రాయించుకుని, కార్డు తెచ్చుకుంది.

ఆ కార్డు మీది నంబరుకే మారెప్ప పదోసారి ఫోను చేశాడు.

“ధర్మవరం క్యాంపు నుంచి నేరుగా మీ ఊరికే వస్తాండారన్నా. దోవలో లారీ అడ్డం పడిందంట. సుట్టు తిరిగి రావాల.”

పదిన్నర దాటింది. చౌడేశ్వరి గోడ తడుముకుంటూ లోపలికి వచ్చింది.

“గిన్నె ఈడ పెట్టన్నా. దూది నేను తడుపుతా. నువ్వు రోడ్డుకాడికి పో.”

మూడు రోజులు ఒకటే మూలిగిన పుష్పావతి ఇప్పుడు నెమ్మదిగా ఉంది. మారెప్ప ఆమె చెవి దగ్గరికి వంగాడు.

“వస్తాండారు పుష్పా. నీ మాట పోనియ్యను.”

ఎండలో, చెప్పుల్లేకుండా, వచ్చిన ప్రతి బండికీ చెయ్యెత్తాడు. పదకొండూ ఇరవైకి తెల్ల వ్యాను కనిపించింది. దాని ముందు పరుగెత్తుకుంటూ ఇల్లు చూపించాడు.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని, దూది ఎత్తి చూసింది.

“బాగా కాపాడినావప్పా. కండ్లు బాగుండాయి.”

మారెప్ప గోడకు ఆనుకున్నాడు. లక్ష్మీదేవమ్మ పక్కకు జరిగి డాక్టరమ్మకు దారి ఇచ్చింది.

డాక్టరమ్మ వెంట వచ్చినతను కాగితం తీసి, పుష్పావతి పేరు రాసుకుని, టైము అడిగాడు.

“తెల్లారి ఐదూ నలభైకి పోయింది సార్ పాణం,” అని చెప్పి, నేత్రదానం కాగితం మీద మారెప్ప సంతకం పెట్టాడు.