కుడిబుగ్గ సొట్ట

“ఆపండి! ఎక్కడి పని అక్కడ ఆపండి!”

కంపెనీ ఆఫీసర్ గుమ్మంలోనే అరిచాడు. అరవకుండా ఏ షాపులోకీ వెళ్ళిన మనిషి కాదాయన. మొదటి కేకకే సగంమంది తప్పు ఒప్పేసుకుంటారని ఆయన నమ్మకం.

ఈ షాపావిడ ఒప్పుకునే రకంలా లేదు. ముందున్న సంచి మీద బొమ్మ అచ్చువెయ్యడం పూర్తిచేసింది. దాన్ని తీసుకెళ్ళి ఆరబెట్టే తీగకి తగిలించింది. అప్పుడు తీరిగ్గా ఇటు తిరిగింది. రంగుల ఘాటు తగలకుండా మూతికి మాస్కు కట్టుకుంది. పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్ళలో బెదురు లేకపోవడం చూసి ఆఫీసర్‌కి ఒళ్ళు మండింది.

గది నిండా తీగల మీద బడిపిల్లల సంచులు వేలాడుతున్నాయి. ప్రతి సంచి మీదా ఒకే పాప నవ్వుతోంది. గుండ్రటి ముక్కు. ముందు పళ్ళ మధ్య సందు. ఒక్క బుగ్గకే సొట్ట.

“ఎవరిది ఈ బొమ్మ?”

“నాది. నేనే గీసుకున్నాను.”

“నీదా! ఇది కిలకిల! పాతికేళ్ళుగా టీవీలో నవ్వుతోంది. పిల్లల్ని ఎవర్నడిగినా చెప్తారు. దీని మీద సర్వహక్కులూ మా కంపెనీవి.”

“నా బొమ్మ పేరు కిలకిల కాదు. గౌను రంగూ వేరు.”

ఆఫీసర్ పగలబడి నవ్వాడు. ఈ మాట వినని షాపు లేదాయనకి.

“కాస్త మార్చేస్తే తప్పు కాదని మీకందరికీ ఎవడు చెప్తాడో గానీ, వాణ్ణి ఒకసారి చూడాలని ఉంది! పేరు మార్చు, గౌను మార్చు, కావాలంటే నెత్తిన టోపీ పెట్టు. చూడగానే జనం కిలకిల అన్నారంటే అది కిలకిలే. మీ ఇంట్లో గోడ మీద గీసుకున్నావనుకో, మేమేం నీ ఇంటికి రాం. సంచి మీద వేసి అమ్మాలంటే మాత్రం మా సంతకమున్న అనుమతి కావాలి. ఉందా?”

“లేదు.”

“లేనప్పుడు నోరెందుకు?”

“ఈ షాపు తప్ప మాకు ఇంకో బతుకు లేదు. ఇది మూతపడితే నేనూ నా పిల్లలూ రోడ్డున పడతాం. అది కూడా మీ కాగితంలో రాసుకోండి.”

బతిమాలుతున్నట్టు లేదు. తిట్టినట్టే ఉంది. మొండిఘటం అనుకుని ఆఫీసర్ వెనక్కి తిరిగాడు.

“ఏమండీ పెద్దాయనా! అక్కడే నిలబడిపోయారేం? లోపలికి రండి.”

కిలకిలని మొట్టమొదట గీసిన చిత్రకారుడు ఆయనే. ఇలాంటి సోదాలకి కంపెనీ ఆయన్ని వెంటబెట్టుకు తిప్పుతుంది. అసలు బొమ్మ గీసినవాడే వచ్చి, ఇది దానికి నకలు అని సంతకం పెడితే ఇక ఎవరూ కిక్కురుమనలేరు. వేరే షాపుల్లో అందరికంటే ముందు ఆయనే దూరేవాడు. ఇవాళ గుమ్మం దగ్గరే కాళ్ళీడుస్తున్నాడు. వయసు మీదపడితే అంతే, బద్ధకం అని ఆఫీసర్ విసుక్కున్నాడు.

“ఆయనకో కుర్చీ వెయ్యండి,” అంది షాపావిడ. “నిలబడి సంతకాలు పెడితే కాళ్ళు పీకుతాయి, పాపం.”

ఆ ‘పాపం’లో జాలి ఇసుమంతైనా లేదు.

ముసలాయన కూర్చోలేదు. దగ్గర్లో ఉన్న సంచిని రెండు చేతులా పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

“సొట్ట... కుడిబుగ్గకి పెట్టారు,” అని గొణిగాడు.

ఆఫీసర్ వంగి చూశాడు. నిజమే. కంపెనీ కిలకిలకి సొట్ట ఎడమబుగ్గ మీద ఉంటుంది.

“ఓహో! ఈ బుగ్గ సొట్ట తీసి ఆ బుగ్గకి పెడితే కొత్త బొమ్మ అయిపోతుందనా? నా దగ్గర ఈ పప్పులేం ఉడకవు!”

ముసలాయన చూపు సంచి మీద నుంచి బొమ్మలు గీసే బల్ల మీదికి పోయింది. బల్లకి పైన గోడకి చిన్న అద్దం కొట్టి ఉంది. ఆ చూపు అక్కడే ఉండిపోయింది.

“నాకు ఒంట్లో బాగాలేదండీ. నేను వ్యానులో కూర్చుంటాను.”

“సంతకం పడేసి వెళ్ళి కూర్చోండి, ఎవరొద్దన్నారు! ఏంటండీ కొత్తగా ఈ నీరసం? గీసింది మీరే, కాదన్లేదు. కానీ ఎప్పుడో మాకు అమ్మేశారు. అమ్మేసుకున్నదాని మీద ఇప్పుడు మమకారం ఏంటి?”

“అవును. అమ్మేశాను,” అన్నాడు ముసలాయన నేల చూపులు చూస్తూ.

“బేరం బాగానే గిట్టుబాటయినట్టుంది,” అంది షాపావిడ. “మళ్ళీ వెనక్కి తిరిగి చూసే పనే పడలేదు.”

“నోర్ముయ్!” ఆఫీసర్ బల్ల మీద గుద్దాడు. రంగు డబ్బాల మూతలు ఎగిరిపడ్డాయి. “చేసింది దొంగపని. పైగా పెద్దాయన్ని పట్టుకుని అంతేసి మాటలా?”

“ఆయన్ని అడగండి. తప్పుగా అన్నానేమో ఆయన్నే చెప్పమనండి.”

ముసలాయన ఆఫీసర్ చాపిన కాగితం అందుకున్నాడు. పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టాడు.

అది చాలు ఆఫీసర్‌కి. మనుషుల్ని కేకేశాడు. వాళ్ళు తీగల మీది సంచులన్నీ లాగి మూటలు కట్టారు. అచ్చువేసే చట్రాలు వ్యానులోకి ఎక్కించారు. షట్టర్‌కి సీలు వెయ్యడానికి లక్క కరుగుతోంది. షాపావిడ అడ్డు రాలేదు. కళ్ళు మాత్రం ముసలాయన మీద నుంచి తియ్యలేదు.

“ఆఖరి ప్రశ్న,” ఆఫీసర్ పెన్ను మళ్ళీ తెరిచాడు. “దేన్ని చూసి కాపీ కొట్టావు? పుస్తకమా? టీవీయా? నిజం చెప్పు!”

ఆమె మాస్కు కిందికి లాగి, ముందు పళ్ళ సందు కనబడేలా, ఎడమబుగ్గ సొట్టపడేలా నవ్వి, ముసలాయన వైపు తిరిగి అంది: “నువ్వు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని గీశావు నాన్నా, నేను అద్దంలో చూసుకుని గీసుకున్నాను.”