పసుపు వేలిముద్ర

కొత్త ట్యాంకు టెండరు మళ్లీ ఆ కంపెనీకే వచ్చింది.

మర్రిగూడ చౌరస్తాలో టీ తాగుతూ పేపర్లో ఆ వార్త చూసిన డానియల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. సగం టీ అక్కడే వదిలేసి ఆటో తీశాడు. ఎటు పోతున్నాడో అతనికే తెలియలేదు.

మూడేళ్ల కిందట వాళ్ల ఊరికి నీళ్ల ట్యాంకు కట్టింది ఆ కంపెనీయే. రిబ్బను కత్తిరించి ఆరు నెలలు కాకముందే ట్యాంకు నిలువునా పగిలింది. ఊరంతా మళ్లీ పాత బోరు దగ్గరికే చేరింది. ఆ బోరులో ఫ్లోరైడు నీళ్లు. అవి తాగీ తాగీ డానియల్ తల్లి సాలమ్మకు యాభై దాటకముందే నడుము వంగిపోయింది. ఇప్పుడు రెండో తరగతి చదివే కూతురికి కొత్తగా వచ్చిన ముందుపళ్ల మీద గోధుమరంగు మరకలు. అవి చూసిన రోజు డానియల్ అన్నం ముట్టలేదు.

సిమెంటు మింగేశారని కంపెనీ మీద విచారణ మొదలైంది. ముగ్గురు అధికారులు టేపులు పట్టుకొని వచ్చారు. పగుళ్లు కొలిచారు, ఫొటోలు తీశారు, కోడికూరతో భోంచేసి వెళ్లారు. అదేం విచారణో గాని, ఇప్పటికీ నడుస్తూనే ఉంది!

పాతదాని పక్కనే కొత్త ట్యాంకు కడతారని నిరుడు తెలిసింది. ఆ కంపెనీకి మాత్రం ఇవ్వొద్దని డానియల్ అర్జీ రాశాడు. అర్జీ ఒక కాగితం, సంతకాలకు పన్నెండు తెల్ల కాగితాలు. వారం రోజులు ఆటో పక్కన పెట్టి ఇల్లిల్లూ తిరిగాడు. చేనులో పత్తి ఏరుతున్నవాళ్లను కూడా వదల్లేదు. పక్కింటి అంజయ్య పిలవకుండానే వచ్చి సంతకం పెట్టాడు.

ఆఖరున సాలమ్మ మిగిలింది.

"ఏం రాసినవో జర సదువు. ఉత్తగనే ఏలుముద్ర ఎయ్య" అంది.

డానియల్ నవ్వి, కాగితాలు వెనక్కి తిప్పి అర్జీ మొత్తం చదివి వినిపించాడు.

"మంచిగున్నది. తే."

తీరా చూస్తే ఇంకు ప్యాడు ఎండిపోయింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. సాలమ్మ బొటనవేలు తడుపుకొని పసుపు డబ్బాలో అద్ది, ఆఖరి కాగితం అడుగున గట్టిగా నొక్కింది.

"గిదేందమ్మా, ఆఫీసోళ్లు నవ్వరా?"

"నవ్వనియ్యి. పెండ్లి కార్డుకు పెట్టినట్టు పెట్టిన. ఇగ మంచే జరుగుతది, పో."

జిల్లా ఆఫీసులో గుమాస్తా విజేందర్ ఎంతో మర్యాదగా అర్జీ తీసుకున్నాడు. పిన్ను ఊడదీసి సంతకాల కాగితాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. "గిన్ని సంతకాలా? మీ ఊరోళ్లు గట్టోళ్లే!" అని మెచ్చుకొని, ముద్ర కొట్టి రశీదు ఇచ్చాడు. ఇన్నాళ్లకు తమ కాగితాన్ని ఇంత శ్రద్ధగా చూసిన మనిషి దొరికాడని డానియల్ సంతోషపడ్డాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా ఒకటే జవాబు, పరిశీలనలో ఉంది. కాళ్లరిగాయి తప్ప పని కాలేదు. ఇప్పుడీ వార్త.

డానియల్ సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాడు. నెల తర్వాత, వచ్చి ఫైలు చూసుకోవచ్చని ఉత్తరం వచ్చింది. మర్నాడే పోయి టెండర్లు చూసే ఇంజినీరు గోపీకృష్ణ ముందు నిలబడ్డాడు.

"విచారణల ఉన్న కంపెనీకి మల్ల పనెట్ల ఇచ్చిండ్రు సార్?"

"విచారణ తేలలే కద. తేలేదాంక వాళ్లు తప్పు చేసినట్టు కాదు."

"పగిలిన ట్యాంకు కండ్ల ముంగటనే ఉన్నది కద!"

"ఆఫీసుకు కండ్లుండవయ్యా, కాయితాలే ఉంటయి." గోపీకృష్ణ ఫైలు ముందుకు తోశాడు. "విచారణల ఉన్నోళ్లు టెండరు ఎయ్యాలంటే, పాత పని మంచిగ చేసిండ్రని ఆ ఊరోళ్లతోని రాయించుకొని రావాలె. తెచ్చిండ్రు. రాసిచ్చింది మీ ఊరోళ్లే. ఇగ మేమేం జేయాలె?"

"మా ఊరోళ్లా?"

"నువ్వే సూస్కో."

పై కాగితం టైపు చేసి ఉంది. ట్యాంకు పని మాకు పూర్తిగా నచ్చింది, కొత్త ట్యాంకు కూడా ఈ కంపెనీకే ఇప్పించగలరు, ఇట్లు గ్రామస్థులు. సంతకాలు జతపరచడమైనది.

డానియల్ ఆ కాగితాన్ని మళ్లీ మొదటినుంచి చదివాడు. అమ్ముడుపోయారు! ఊళ్లోవాళ్లే అమ్ముడుపోయారు. ఎవడు వాడు? మాజీ సర్పంచా? అంజయ్య కొడుకు ఈమధ్యే ఆ కంపెనీలో టిప్పరు డ్రైవరుగా చేరాడు. అంజయ్యేనా? ఎంతకు అమ్ముకున్నారు చంటిపిల్లల ఎముకల్ని? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, ఇవాళ తను పట్టి తీరాలనుకున్నాడు. ఒక్కొక్కడి పేరూ రాసుకొనిపోయి, నడి ఊళ్లో నిలబెట్టి కడిగేయాలి. జేబులోంచి పెన్ను తీశాడు.

పై కాగితం తిప్పాడు.

కింద పన్నెండు కాగితాలున్నాయి, మొదటిదాని మీద మొట్టమొదటి సంతకం తనది, ఆఖరిదాని అడుగున సాలమ్మ పసుపు వేలిముద్ర.